రాత్రి రెండున్నరకు అలారం

జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరం నుంచి ఒకావిడ ఆరు పేజీల ఉత్తరం రాశారు. పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోనే. ఇల్లు నాగోల్ వైపు, ఉద్యోగం రాయదుర్గంలో, కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో. వయసు 38. కిందటి మే నెలలో కంపెనీ 18 నెలల పని మీద ఆవిణ్ణి అక్కడికి పంపింది. ఇక్కడ భర్త, నాలుగో తరగతి చదివే తొమ్మిదేళ్ల కొడుకు, మోకాళ్ల నొప్పులతో అత్తగారు ఉన్నారు. "పిల్లాణ్ణి వదిలేసి తల్లి వెళ్లడమేంటి" అన్న చుట్టాలకు భర్తే జవాబు చెప్పి విమానం ఎక్కించారట.

ఏడు నెలలు గడిచాయి. ఆవిడ రోజూ రాత్రి రెండున్నరకు అలారం పెట్టుకుని లేస్తున్నారు. అప్పుడు మనకు ఉదయం ఏడు. వీడియో కాల్‌లో బాబును లేపి, టిఫిన్ బాక్సులో ఏం పెట్టాలో వంటావిడకు చెప్పి, స్కూలు బస్సు ఎక్కే దాకా చూసి మళ్లీ పడుకుంటారు. నిద్ర పట్టిన రోజు పడుతుంది, లేని రోజు లేదు. మధ్యాహ్నం పన్నెండుకు బాబు స్కూలు నుంచి వస్తాడు కాబట్టి ఆఫీసులో భోజనం వేళంతా హోంవర్కే. సాయంత్రం ఐదుకు ఇంకో కాల్, ఆ వేళకు వాడు నిద్రపోతాడు. ఈ మధ్యలో వీలున్నప్పుడల్లా హాల్లో పెట్టిన సీసీ కెమెరాను ఫోన్‌లో చూస్తుంటారు. "ఐదు దాటాక ఏం చేయాలో తోచదు. అప్పటికే బయట చీకటి. ఈ ఊళ్లో ఆఫీసు, ఇండియన్ షాపు తప్ప మూడో చోటు నాకు తెలీదు" అన్నారు.

ఈమధ్య వరసగా దెబ్బలు తగిలాయి. ఒకరోజు తలుపుకు జర్మన్‌లో చీటీ అంటించి ఉంది. పై అంతస్తు ముసలావిడ రాసింది: మెట్లు తుడవడం ఈ వారం మీ వంతు, తుడవలేదు, దయచేసి తుడవండి అని. కింద "స్నేహపూర్వక శుభాకాంక్షలతో" అని ఉందని ఫోన్ అనువాదం చూపించింది. "వెటకారం కూడానా? నా రంగు చూసే కదా ఇదంతా! నా దగ్గర బకెట్ కూడా లేదు" అని రాశారు. అదే వారం ఫోన్‌లో భర్త ఒక మాట అన్నారు. "నువ్వు కాల్‌లో ఉన్నంతసేపూ నేను నీ అసిస్టెంట్‌ని. పెట్టేశాకే వాడికి నాన్ననవుతున్నా." ఆ మర్నాడు బాక్సు గురించి చెప్పబోతే కొడుకు "అమ్మా, నాన్నకి తెలుసులే" అన్నాడు. సాయంత్రం చూస్తే సీసీ కెమెరా మీద తువ్వాలు కప్పి ఉంది. కప్పింది వాడే.

"అక్కడ నేను అక్కర్లేదు. ఇక్కడ ఎవరికీ పట్టను. వెనక్కి వచ్చేయనా? బాబును ఇక్కడికి తెచ్చుకోనా? మిగిలిన 11 నెలలూ పళ్ల బిగువున గడిపేయనా?" ఇదీ ఆవిడ ప్రశ్న.

*

అమ్మా, మీ ఉత్తరం చదివి ఒక కాగితం మీద మీ రోజును గంటల వారీగా రాసుకున్నాను. ఎడమ పక్క మీ గడియారం, కుడి పక్క మాది. మీకు పొద్దున ఎనిమిదిన్నర నుంచి ఉండే ఆఫీసు పని ఒక్కటీ పక్కన పెడితే, మీ రోజంతా కుడి పక్కనే ఉంది. రెండున్నర ఎందుకు? ఇక్కడ ఏడు కాబట్టి. పన్నెండుకు అందరితో ఎందుకు తినరు? ఇక్కడ నాలుగున్నర కాబట్టి. ఐదు తర్వాత ఎందుకు ఖాళీ? ఇక్కడ తొమ్మిదిన్నర అయ్యి దీపాలు ఆర్పేశారు కాబట్టి. స్టుట్‌గార్ట్ మిమ్మల్ని పట్టించుకోలేదని రాశారు. నా కాగితం ప్రకారం మీరు ఆ ఊరికి ఇంకా పూర్తిగా వెళ్లలేదు.

ఇది నిందగా తీసుకోకండి. అక్టోబరు ఆఖరి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి జరిగింది. అప్పటిదాకా మూడున్నరకు లేచేవారు, ఆ రోజు నుంచి రెండున్నర అయింది. లేవాల్సిన వేళ గంట ముందుకు జరిగిన ఆ రాత్రి కూడా "ఇక చాలు" అనుకోకుండా అలారం మార్చి పడుకున్నారు చూశారా, అక్కడ నాకు ఒక అనుమానం వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి లేపడానికి ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లున్నారు. ఆ అలారం వాడి కోసం కాదేమో. వెళ్లినందుకు మీకు మీరే వేసుకున్న జుర్మానా అనిపించింది. రోజూ కడుతున్నారు. చుట్టాలు అన్న మాటకు మీవారు జవాబు చెప్పారు గానీ, అది మీ లోపల ఇంకా తెగలేదు. నా అంచనా తప్పు కావచ్చు, మీరే చూసుకోండి.

ముందుగా ఆ చీటీ సంగతి. మూడిట్లో అదే చిన్నది, అదే మిమ్మల్ని ఎక్కువ ఏడిపించినట్టుంది. ఆ ఊరిది ష్వాబియా ప్రాంతం. మెట్లు, గుమ్మం, ముందున్న దారి వంతులవారీగా తుడుచుకోవడం అక్కడివాళ్ల ప్రాణం. 'కేర్‌వొఖె' అంటారు, అంటే ఊడ్చే వారం. 1714లోనే అక్కడి ప్రభువు వీధులు ఊడ్చే ఆజ్ఞ వేశాడు. ఇప్పుడది ఇంటి అద్దె ఒప్పందంలో ఒక షరతుగా ఉంటుంది. మీ ఒప్పందం తీసి చూడండి, ఉండే ఉంటుంది. ఒక చిన్న బోర్డు తలుపు నుంచి తలుపుకు మారుతుంది, ఎవరి తలుపుకు ఉంటే ఆ వారం వాళ్లది. మన అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ భార్య చేసే పని కాబట్టి, ఆ బోర్డు మీ తలుపుకు వేలాడినా అదేదో అలంకారం అనుకుని ఉంటారు. జర్మనీలోనే వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లకూ ఈ చీటీలు తగులుతాయి, వాళ్లూ ఇలాగే ఒళ్లు మండి తిట్టుకుంటారు.

ఇక "స్నేహపూర్వక శుభాకాంక్షలతో". అది 'మిట్ ఫ్రొయిన్ట్‌లిషెన్ గ్రూసెన్'. జర్మన్‌లో కరెంటు బిల్లు వాళ్లు రాసినా, బ్యాంకు వాళ్లు రాసినా ఉత్తరం చివర ఉండే మాట. మనం "ఇట్లు, భవదీయ" అని రాస్తే నిజంగా వాళ్లవాళ్లమైపోయామా? అంతే. అందులో వెటకారమూ లేదు, స్నేహమూ లేదు.

రంగు చూసి చులకన చేసేవాళ్లు ఆ దేశంలో లేరని నేను చెప్పను. రేపు ఎవరైనా నిజంగా అలా ప్రవర్తిస్తే మీకు తెలుస్తుంది, అప్పుడు ఊరుకోవద్దు, ఆఫీసులో చెప్పండి. కానీ ఈ చీటీ అందుకు సాక్ష్యం కాదు. పైగా మీ ఉత్తరం నాలుగో పేజీలో మీరు పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం ఉంది: మీ అత్తగారు పంపిన కందిపొడి పార్సెల్ మీరు లేనప్పుడు వస్తే, పై అంతస్తు ముసలావిడ తీసుకుని దాచి, రాత్రి తెచ్చి ఇచ్చారని. రెండుసార్లు. ఆవిడే కదా ఈవిడ?

అక్కడి పద్ధతి ఒకటి మీకు ఎవరూ చెప్పినట్టు లేరు. మన దగ్గర కొత్తవాళ్లు దిగితే పక్కింటివాళ్లే వస్తారు. నీళ్లు కావాలా, పాలవాడు ఎన్నింటికొస్తాడు, మీరేమిట్లు, అబ్బాయి ఏం చదువుతున్నాడు, అన్నీ మొదటి పది నిమిషాల్లోనే అయిపోతాయి. అక్కడ కొత్తగా దిగినవాళ్లే వెళ్లి గంట నొక్కి, ఫలానా ఇంట్లోకి వచ్చాను, నా పేరు ఇది అని చెప్పుకోవడం మర్యాద. వాళ్లంతట వాళ్లు వస్తే చొరబడ్డట్టు అనుకుంటారు. ఏడు నెలలుగా మీరు వాళ్లు రాలేదని చూస్తున్నారు, వాళ్లు మీరు రాలేదని చూస్తున్నారు. పుట్టినరోజుదీ అదే తీరు. ఎవరిది పుట్టినరోజైతే వాళ్లే ఆఫీసుకు కేకు పట్టుకెళ్లాలి. మీ పుట్టినరోజు ఎవరికీ గుర్తులేదని రాశారు. మీరు కేకు తీసుకెళ్లలేదు కాబట్టి, చెప్పుకోవడం మీకు ఇష్టం లేదనుకుని ఉంటారు.

మధ్యలో నా సంగతి ఒకటి. నేను గుంటూరు జిల్లా నుంచి పెళ్లయి సికింద్రాబాద్‌లోని చిలకలగూడకు వచ్చినప్పుడు రెండో అంతస్తులో ఉండేదాన్ని. రోజూ పొద్దున ఒకామె బుట్ట నెత్తిన పెట్టుకుని "పుంటికూరా" అని అరుస్తూ పోయేది. అదేదో ఇక్కడి ఆకు, మనకెందుకు అని దిగలేదు. గోంగూర దొరకని ఊళ్లో పడ్డానని అమ్మకు ఉత్తరాలు రాసేదాన్ని. ఆర్నెల్ల తర్వాత ఒకరోజు ఉల్లిపాయలకని దిగితే బుట్టనిండా గోంగూర. ఇక్కడ దాని పేరే పుంటికూర. నేను దిగాల్సింది రెండంతస్తులు.

అసలు విషయానికొస్తాను. మీవారి మాట, బాబు తువ్వాలు. ఈ రెండూ మీకు గుచ్చుకున్నాయి, గుచ్చుకుంటాయి కూడా. కానీ కాసేపు మీరు కాకుండా వేరే తల్లి రాసిన ఉత్తరంలో చదువుతున్నట్టు చదవండి. "నాన్నకి తెలుసులే." మన ఇళ్లలో ఎంతమంది పిల్లలు ఈ మాట అనగలరు? వాడి షూ సైజెంతో, ఏ సెక్షనో తెలియని తండ్రులు ఇంటింటికీ ఉన్నారు. ఏడు నెలల్లో మీవారు నేర్చుకున్నారు. మీరు అక్కడుండి నేర్పిన దానికంటే, మీరు లేకపోవడం వల్ల నేర్చుకున్నది ఎక్కువ. ఆయన అడుగుతున్నది కూడా అదే, నేర్చుకున్నది చేయనివ్వమని.

తువ్వాలు ఎందుకు కప్పావని వాణ్ణి నిలదీయకండి. బట్టలు మార్చుకుంటూ సిగ్గుపడ్డాడేమో, చదవకుండా టీవీ చూశాడేమో, కోపమేమో. తొమ్మిదేళ్లకు ఇంట్లో ఎవరో తనను చూస్తున్నారన్న స్పృహ వస్తుంది. ఆ కెమెరా మొదట అత్తగారు పడిపోతే తెలియాలని పెట్టించారని మీరే రాశారు. ఆ పనికి దాన్ని ఉంచండి. చూసే పని మీవారి ఫోన్‌కు అప్పగించి, మీ ఫోన్‌లోంచి తీసేయండి. ఇది నేను సలహాల్లాగా కాకుండా గట్టిగా చెబుతున్నది. మిగతావి మీ ఇష్టం.

ఇప్పుడు మీరడిగిన మూడు దారులు.

వచ్చేయడం. ఇందులో తప్పేమీ లేదు, పారిపోవడం అని ఎవరైనా అంటే అననివ్వండి. అయితే డెప్యుటేషన్ కాగితంలో ముందే వస్తే ఏం కట్టాలో చదవండి. మామూలు అద్దె ఒప్పందమైతే అక్కడ ఖాళీ చేయడానికి మూడు నెలల నోటీసు ఇవ్వాలి. అంటే ఈరోజు నిర్ణయించుకున్నా 11 నెలల్లో మూడు నెలల అద్దె పోతుంది. అవన్నీ భరించదగ్గవే. నన్ను ఆలోచింపజేసేది వేరు. ఇప్పుడున్న మనసుతో వస్తే, "నేను లేకుండా వీళ్లు నడుపుకున్నారు" అన్న నొప్పితో వస్తారు. ఇంటికి రాగానే బాక్సు, బస్సు, హోంవర్కు అన్నీ మీవారి చేతిలోంచి లాక్కుంటారు. ఆయన సంతోషంగా ఇచ్చేస్తారని నేననుకోను. ఆరోగ్యం దెబ్బతింటుంటే మాత్రం ఇదే సరైన దారి కావచ్చు. దాని గురించి తర్వాత చెబుతాను.

బాబును తెచ్చుకోవడం. ఇది త్వరగా తేల్చేయొచ్చు. అక్కడ బడికి పంపడం చట్టం, ఇంట్లో ఉంచి ఆన్‌లైన్‌లో చదివించడం కుదరదు. భాష రాని పిల్లల్ని ముందు జర్మన్ నేర్పే ప్రత్యేక తరగతిలో వేస్తారు. ఆ రాష్ట్రంలో నాలుగో తరగతితో చిన్న బడి ముగుస్తుంది, ఐదో తరగతికి వేరే బడులకు విడిపోతారు. సరిగ్గా ఆ మలుపులో వాడు దిగుతాడు. వీసా, పెద్ద ఇల్లు, బడి అన్నీ సర్దుకునే లోపు మీరు తిరిగొచ్చే టైమవుతుంది. రెండు మూడేళ్లు ఉండేదుంటే వేరే మాట.

మూడోది, ఉండటం. కానీ పళ్ల బిగువున కాదు. అలాగైతే ఇప్పుడున్నదే ఇంకో 11 నెలలు ఉంటుంది. ఉండదలిస్తే హైదరాబాద్ ఇంటిని కొంత అప్పగించాలి. అప్పగించడం ఎలా ఉంటుందో కూడా చెబుతాను, తియ్యగా ఉండదు. మొదటి వారం బాక్సులో బ్రెడ్డు జామే ఉండొచ్చు. ఒక యూనిట్ టెస్టులో లెక్కల మార్కులు తగ్గొచ్చు. మీవారు ఫిజియోథెరపీకి అత్తగారిని ఒకరోజు తీసుకెళ్లడం మర్చిపోతారు. మీరు ఫోన్ చేయకపోతే ఆరోజు ఏమైందో మీకు తెలియదు. అన్నిటికంటే కష్టమైనది, మీరు ఫోన్ చేయని రోజున కూడా అంతా బాగానే జరగడం. తిరిగొచ్చాక మీ వంటింట్లోనే పోపుల డబ్బా ఎక్కడుందని మీరు అడగాల్సి రావచ్చు. ఇవి భరించగలనా అని ముందే ఆలోచించుకోండి.

భరించగలననుకుంటే, మూడు కాల్స్‌లో ఒకటే ఉంచుకోమంటాను, సాయంత్రం ఐదుది. వాడు పడుకునే వేళది. అందులో బాక్సు, హోంవర్కు, డ్రిల్ డ్రెస్సు ఏవీ మాట్లాడొద్దు. కథ చెప్పండి, లేదా ఆరోజు మీరు చూసినది చెప్పండి. చూసినదేదైనా ఉండాలి కదా, అందుకే మిగతా రోజు మీది కావాలి. రెండున్నర అలారం ఒక్కసారిగా ఆపలేకపోతే వారానికి రెండు రోజులతో మొదలుపెట్టండి. అయితే మీవారికి ముందే చెప్పి చేయండి. చెప్పకుండా మానేస్తే అలిగారనుకుంటారు. అత్తగారికీ చెప్పండి. ఆవిడకు మీరు అక్కర్లేదని రాశారు గానీ, నొప్పి మోకాళ్లతో నిలబడి కందిపొడి కొట్టి ఏడు సముద్రాల అవతలికి రెండుసార్లు పంపినావిడ గురించి ఆ మాట నేను నమ్మను.

పన్నెండు గంటల భోజనం తిరిగి తీసుకోండి. ఆ వేళకు జర్మన్ ఆఫీసుల్లో ఎదురుపడ్డవాళ్లంతా 'మాల్‌ట్సైట్' అనుకుంటారు, "భోజనం వేళండీ" అన్నట్టు. మీరు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని దాటిపోతుంటే పిలవరు. పిలవడం మీ పనికి అడ్డమనుకుంటారు. మీ డబ్బా పట్టుకెళ్లి వాళ్ల బల్ల దగ్గరే కూర్చోండి. మొదటి వారం వాళ్లు జర్మన్‌లో మాట్లాడుకుంటారు, మీరు గోడ చూస్తారు. ఫర్వాలేదు.

ఐదు తర్వాత మాటకొస్తే, మీకొక విషయం గుర్తుచేస్తాను. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో లేడీస్ కోచ్‌లో నలుగురు స్నేహితులున్నారని, వాళ్లే ఎక్కువ గుర్తొస్తున్నారని రాశారు. వాళ్లు ఎలా స్నేహితులయ్యారు? ఎవరూ ఎవరినీ ఇంటికి పిలవలేదు. అదే టైముకు అదే పెట్టెలో నెలల తరబడి నిలబడ్డారు, ఒకరోజు ఎవరి బ్యాగో ఎవరో పట్టుకున్నారు. స్టుట్‌గార్ట్‌లో అలాంటి పెట్టె ఒకటి వెతుక్కోవాలి. 'ఫోల్క్స్‌హోఖ్‌షూలె' అని పెద్దవాళ్లకు సాయంత్రం బడి ఉంటుంది, జర్మన్ భాష మొదటి మెట్టు నుంచి నేర్పుతారు. వారంలో అవే రోజులు, అవే ముఖాలు, అందరూ మీలాగే తప్పులు మాట్లాడేవాళ్లు. జర్మన్‌లోనూ మనలాగే 'మీరు', 'నువ్వు' వేరువేరు. ఎప్పుడు దేన్నుంచి దేనికి మారాలో ఇంగ్లిషు వాళ్ల కంటే మీకే ముందు అర్థమవుతుంది. ఫీజు కట్టాక మానబుద్ధి కాదు, అదొక లాభం.

మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులు కూడా ఉంటాయి. కరివేపాకు ఎక్కడ దొరుకుతుందో తెలియడానికీ, పండగ రోజు పదిమందిలో పులిహోర తినడానికీ అవి కావాలి. అయితే శని, ఆదివారాలు రెండూ అక్కడే గడిపితే మీకు తెలిసేది ఇంకో నాగోల్. ఒక పూట ఊరికి వదలండి. ఆదివారం షాపులు మూసేస్తారు, నిశ్శబ్దంగా ఉండాలంటారు, అందుకే మిక్సీ కూడా వేయడం మానేశానని రాశారు. చట్నీకి పట్టే రెండు నిమిషాలు మిక్సీ వేసుకోవచ్చు, రాత్రి పది తర్వాత మాత్రం వద్దు. ఆ రోజు ఎటూ కొనేది లేదు కాబట్టి నడవండి. కొండల మీద కట్టిన ఊరు అది, మెట్ల దారులే 400కు పైగా ఉన్నాయి. ఊరి మధ్యలోనే ద్రాక్ష తోటలున్నాయి. మిగతా రోజుల్లో చలి ఎక్కువైతే 2011లో తెరిచిన తెల్లటి పెద్ద లైబ్రరీ ఉంది, రాత్రి దాకా కూర్చోనిస్తారు, డబ్బులడగరు. మీరు కార్లకు ప్రోగ్రాములు రాస్తారు. 1886లో నాలుగు చక్రాల బండికి ఇంజిన్ బిగించిన డైమ్లర్ తోటింటి షెడ్డు ఆ ఊళ్లోనే, కన్‌స్టాట్‌లో ఉంది. ఏడు నెలల్లో చూడలేదంటే నాకే బాధేసింది.

మీరడగని నాలుగో దారి కూడా ఉంది. మా దగ్గర వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా. బాబును, మీవారిని ఆ సెలవుల్లో పర్యాటకుల వీసా మీద రప్పించుకోవచ్చు. 90 రోజుల దాకా ఉండనిస్తారు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. అప్పటికి అక్కడ రాత్రి తొమ్మిదికీ వెలుతురుంటుంది. జంతువుల పార్కు ఉంది, కార్ల మ్యూజియాలు ఉన్నాయి, వాణ్ణి తిప్పడానికి మీకు దారులు తెలిసుంటే చాలు. ఖర్చవుతుంది. అత్తగారి దగ్గర ఎవరుండాలో ఆలోచించాలి. వెనక్కి వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో ఇద్దరూ ఏడుస్తారు. ఇవన్నీ లెక్కలో వేసుకోండి.

ఒక్క విషయం మాత్రం వాయిదా వేయొద్దు. ఏడు నెలలుగా రాత్రికి రెండు ముక్కల నిద్ర, డిసెంబరు చీకటి, ఈమధ్య ఊరికే ఏడుపొస్తోందన్నారు. అలారం తగ్గించాక కూడా రెండు మూడు వారాల్లో నిద్ర కుదరకపోయినా, పొద్దున లేవబుద్ధి కాకపోయినా డాక్టరును కలవండి. అక్కడ ముందు మామూలు ఫ్యామిలీ డాక్టరు దగ్గరికే వెళ్లాలి, జీతంలోంచి బీమాకు కోస్తున్నది అందుకే. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తే వారాలు ఆగొద్దు, ఆ గంటలోనే మీవారికి చెప్పండి, అక్కడ 112కు ఫోన్ చేయండి. డాక్టరు విశ్రాంతి తీసుకోమంటే, తిరిగి వచ్చేయడమనే మొదటి దారి గురించి అప్పుడు నేను వేరేలా మాట్లాడతాను.

ఇక ఆ మెట్లు. మీ తలుపుకు బోర్డు మళ్లీ ఏ వారం వస్తుందో చూసుకోండి. పై నుంచి కిందికి తుడవాలి, లేకపోతే తుడిచిన మెట్ల మీదే మురికి నీళ్లు పడతాయి. శనివారం లోపు అయిపోవాలి. బకెట్ లేదన్నారు కదా, కొనకండి. పై అంతస్తుకెళ్లి గంట నొక్కి, మీ పేరు చెప్పి, ఆవిడ బకెట్ ఒకసారి ఇమ్మని అడగండి.